ఎరువు: తీరని బాకీ

తెలుగులో 'ఎరువు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. చేనుకు వేసేది ఒకటి. తిరిగి ఇచ్చే షరతు మీద తెచ్చుకున్న వస్తువు మరొకటి. రెంటికీ ధాతువు ఒకటేనని నేను వాదించను. కాని కృష్ణా డెల్టా చరిత్ర చదివినప్పుడల్లా ఆ రెండర్థాలూ కలిసిపోతూ కనిపిస్తాయి.

గానుగ ఊళ్లో ఉన్నంతకాలం చెక్క కూడా ఊళ్లోనే ఉండేది. తెలగపిండి, వేరుశనగ చెక్క పశువుకు పోయేవి. పశువుకు విషమయ్యే ఆముదపు పిండి పొలానికి పోయేది. అయితే దీన్నొక స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. పెంట ఎత్తిన చేతులు భూమిలేని పాలేళ్లవి. పెరిగిన సారం భూమి గలవాడిది.

1832-33 గుంటూరు కరువు తర్వాత చాలా ఏళ్లకు, 1855 నాటికి, బెజవాడ ఆనకట్ట పూర్తయింది. 1890లలో కృష్ణ మీద రైలు వంతెన పడింది. ధాన్యం, నూనెగింజలు దూరదేశాలకు తరలాయి. వాటితోపాటు మట్టిలోని నత్రజని, భాస్వరమూ తరలాయి. పెట్టుబడిదారీ వ్యవసాయం శ్రామికుణ్ణే గాక నేలను కూడా దోచుకుంటుందని మార్క్స్ 1867లోనే, లీబిగ్ రసాయనశాస్త్రం చదివి, నిర్ధారించాడు. విచిత్రమేమంటే, బ్రిటిష్ ప్రభుత్వమే పంపిన రసాయనికుడు వోల్కర్ కూడా 1893 నివేదికలో, నూనెగింజల ఎగుమతి అంటే నేల సారాన్ని ఎగుమతి చేయడమేనని ఒప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకున్నంత మాత్రాన ఓడలు ఆగలేదనుకోండి! 1931లో హోవర్డ్, వాడ్ ఇండోరు పద్ధతిని పుస్తకంగా వెలువరించారు: చెత్త, పేడ, మట్టి పొరలుగా పేర్చి, తడిపి, తిరగవేయడం. మన రైతుకూలీకి ఇందులో కొత్తేముంది? కొలతలు, రోజుల లెక్క.

1941లో వెలగపూడి రామకృష్ణ ఉయ్యూరు చక్కెర మిల్లును చేపట్టారు. చక్కెర మిల్లుల్లో సాధారణంగా చెరకు రసానికి సున్నం, గంధకపు పొగ పట్టించి వడకడతారు. అడుగున మిగిలేది మడ్డి. నూరు టన్నుల చెరకుకు సుమారు మూడు టన్నులు. అందులో భాస్వరం, సున్నం, సేంద్రియ పదార్థం ఉంటాయి. పచ్చిగా చల్లితే లాభం లేదు; వేడెక్కుతుంది, దానిలోని మైనం ఓ పట్టాన కుళ్లదు. పేడ కలిపి రెండు మూడు నెలలు మాగనిస్తే నల్లగా, పొడిపొడిగా దిగుతుంది. వరి ఊక సంగతి వేరు. ధాన్యం బరువులో అయిదో వంతు అదే. ఇసుక జాతి సిలికా ఎక్కువ గనక త్వరగా చివకదు. బాయిలర్ల పాలయి బూడిదగా మిగులుతుంది.

చెరకు రైతుది. మరి మడ్డి ఎవరిది? మన విమర్శ ఈ ప్రశ్న వేయలేదు. పంట మీద కథలు నా విద్యార్థులకు ఎన్నో చెప్పాను. ఈ కుప్ప మీద ఒక్కటీ చూపలేకపోయాను. మా పెదనాన్న చెరకు దింపి, తిరుగు బండిలో మడ్డి వేసుకొచ్చేవాడు. పొగలు కక్కే ఆ కుప్పను ఇద్దరు కూలీలు తిరగేసేవారు. బండ్ల సంఖ్య ఆయన పద్దుల పుస్తకంలో ఇప్పటికీ ఉంది. వాళ్లిద్దరి పేర్లు లేవు.