ఉప్పు మేడ, కాఫీ కొండ

మా ఊరి పేరులోనే వీధి ఉంది. మన్యంలోని గూడెం కొత్తవీధి. వీధి పేరు పెరిగి పెరిగి మండలమైంది. అందుకేనేమో, 2018లో పారిస్ వెళ్ళినప్పుడు ఈఫిల్ టవర్‌ని పక్కనపెట్టి ఒక వీధి కోసం వెతుక్కున్నాను. మారే పేటలో ర్యూ ద బ్రెతాన్. మారే అంటే వాళ్ళ భాషలో చిత్తడి నేల. ఇప్పుడక్కడ సందుకో చిత్రశాల. నేను వెళ్ళడానికి ముందు ఏడాదే ఆ వీధిలో అరకు కాఫీ దుకాణం తెరిచారు.

మా తాతల కాలంలో తెల్లదొర కొండెక్కితే వెట్టికో ఫితూరీ అణచడానికో. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు అల్లూరి సీతారామరాజు దళం చేతిలో కూలిపోయారు. ఇప్పుడు నేను వాళ్ళ ఖండంలో కూర్చుని మన్యం కాఫీ తాగుతున్నాను, కప్పు ధరని రూపాయల్లోకి మార్చుకోకుండా ఉండటానికి తంటాలు పడుతూ. గింజ చింతపల్లిలో పండినా, మా కొత్తవీధిలో పండినా పేరు మాత్రం అరకుదే. రైలు అరకు వెళ్తుంది, మాకు రాదు మరి.

మన్యానికి కాఫీ 1898లో పాములేరు లోయలో బ్రోడీ దొర నాటించిన మొక్కలతో వచ్చిందంటారు. నిలదొక్కుకున్నది మాత్రం 1960ల్లో అటవీశాఖ తోటలు వేశాక. 1976లో మా మండలంలోని ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం వచ్చింది. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ మొక్కలిచ్చింది. పోడు కొట్టిన వాలుల్లో సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియం తీగ, నీడన కాఫీ. తోట వేసినవాళ్ళు మాత్రం అంబలే తాగారు.

కాఫీ తాగి, నడుచుకుంటూ పికాసో మ్యూజియంకి వెళ్ళాను. అక్కడి ఆడమేక శిల్పం ముందు చాలాసేపు నిలబడిపోయాను. కడుపుకి తట్ట, పొదుగుకి కుండలు వాడాడు పికాసో. మేకలు కాసిన మా వాళ్ళెవరైనా చూస్తే ముందు పాలెంత ఇస్తుందని అడుగుతారు!

ఆ మ్యూజియం భవనం పేరు ఒటెల్ సాలే, అంటే ఉప్పు మేడ. 17వ శతాబ్దంలో దాన్ని కట్టించినాయన ఉప్పు పన్ను వసూలుదారు. జనం వెక్కిరించిన పేరే స్థిరపడింది. బయటికొస్తుంటే మా పెద్దవాళ్ళు చెప్పే సంత గుర్తొచ్చింది. మైదానం నుంచి షావుకార్లు ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు తెచ్చేవారు. ఉప్పు కొలిచేటప్పుడు కుంచం అంచుకి సమంగా గీసేసేవారు. మా వలిసెలు, కందులు మాత్రం పొర్లేదాకా పోయించుకునేవారు. ఆ కొలతలు కట్టిన మేడలు మైదానంలో ఉండే ఉంటాయి, కానీ వాటికి ఎవరూ పేరు పెట్టలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పుట్టింది ఈ మోసాల నుంచి కాపాడటానికే. జీసీసీ డిపోలో ఉప్పు దొరికింది, తూకం దొరికింది. ఇప్పుడు ఆ సంస్థ మా కాఫీ కూడా కొంటుంది.

పారిస్ నుంచి వస్తూ ఆ కాఫీ పొట్లం ఒకటి కొనుక్కొచ్చాను. ముప్పై ఏళ్ళుగా కాఫీ పళ్ళు కోస్తున్న మా పక్కింటి అవ్వకి కాచి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చేదుగుంది బాబూ. కాసింత ఉప్పెయ్యి."