అక్వేరియం స్టాండు

అక్వేరియం స్టాండు అనగా చేపలను పెంచే గాజు తొట్టిని మోయడానికి ఉపయోగించే బల్ల. దాని కింది భాగాన్ని చెక్క పలకలతో మూసి తలుపులు అమర్చినప్పుడు అది అల్మారాగా కూడా ఉపయోగపడుతుంది. ఫిల్టరు, గాలి పంపు, మేత డబ్బాలు వంటివి అందులో అమరుతాయి. చిన్న తొట్లకు మామూలు బల్ల సరిపోతుంది. నాలుగు అడుగులకు మించిన తొట్లకు మాత్రం ప్రత్యేకంగా కట్టిన స్టాండు అవసరం. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో కొందరు దీనిని స్థానిక వడ్రంగి, వెల్డరు, తాపీ మేస్త్రీల సహాయంతో స్వయంగా చేయించుకుంటారు. ఈ మైదానాల నల్లరేగడి నేల, చెదలు, వేసవి ఎండ, తీరపు ఉప్పుగాలి, సులభంగా దొరికే గ్రానైటు రాయి స్టాండు నిర్మాణంపై నేరుగా ప్రభావం చూపుతాయి.

చరిత్ర

గాజు తొట్టిలో జలచరాలను ప్రజల సందర్శనార్థం ఉంచిన తొలి ప్రదర్శనశాల 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రారంభమయింది. ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ప్రచురించిన పుస్తకంతో అక్వేరియం అనే పదం వ్యాప్తిలోకి వచ్చింది. తొలినాటి తొట్లకు ఇనుప చట్రం ఉండేది, గాజు పలకలను అందులో లప్పంతో అతికించేవారు. 1960ల తరువాత సిలికాన్ జిగురు వాడకం పెరగడంతో చట్రం లేని తొట్లు వచ్చాయి. అప్పటినుండి తొట్టి అడుగు భాగాన్ని సమంగా పట్టి ఉంచే బాధ్యత చాలావరకు స్టాండుపై పడింది.

బరువు లెక్క

స్టాండు నిర్మాణంలో మొదటి పని బరువును లెక్కించడం. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగుతుంది. గాజు సాంద్రత నీటికి రెండున్నర రెట్లు. ఉదాహరణకు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉండి 12 మి.మీ. గాజుతో చేసిన తొట్టి బరువు సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

* నీరు (అంచుకు 5 సెం.మీ. కిందివరకు, గులకరాళ్ళు ఆక్రమించిన చోటు పోగా): 550 కిలోలు
* గాజు: 123 కిలోలు
* 5 సెం.మీ. మందాన గులకరాళ్ళు: 80 కిలోలు
* అలంకరణ రాళ్ళు, మూత, దీపాలు: 30 కిలోలు
* స్టాండు, అల్మారా: 90 కిలోలు

మొత్తం 870 కిలోలకు పైబడిన ఈ బరువు కేవలం 1.1 చదరపు మీటరు స్థలంపై పడుతుంది, అనగా చదరపు మీటరుకు సుమారు 780 కిలోలు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండవ భాగం (1987) ప్రకారం నివాస గదుల కప్పును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వినియోగ భారానికి రూపొందిస్తారు. ఈ లెక్క గది మొత్తం మీద పరచుకున్న భారానికి వర్తిస్తుంది కనుక ఒకచోట ఎక్కువ బరువు ఉన్నంత మాత్రాన కప్పు కూలిపోదు. అయినప్పటికీ మేడపై గది మధ్యలో ఇంత తొట్టిని ఉంచడం క్షేమం కాదు. కింద గోడ లేదా దూలం ఉన్న చోట, గోడ వారగా ఉంచడం మంచిది. పాత ఇళ్ళ విషయంలో ముందుగా సివిల్ ఇంజనీరును సంప్రదించాలి.

నేల స్వభావం

గుంటూరు, ప్రకాశం మైదానాలలో పత్తి, మిరప పండే భూములలో నల్లరేగడి విస్తారంగా ఉంది. ఈ మట్టిలో ఉండే మాంట్‌మొరిలనైట్ అనే బంకమన్ను వానకాలంలో నీటిని పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి కుంచించుకుని పగుళ్ళిస్తుంది. సరైన పునాది, కింద తగినంత ఇసుక లేదా గ్రావెలు నింపకుండా వేసిన గచ్చు ఈ కదలిక వలన ఒకవైపు లేస్తుంది లేదా కుంగుతుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకునే ఇళ్ళలో, గోడల మూలల్లో ఏటవాలు పగుళ్ళు కనిపించే ఇళ్ళలో ఈ సమస్య ఉండే అవకాశం ఎక్కువ.

జనవరిలో మట్టంగా నిలబెట్టిన స్టాండు ఆగస్టు నాటికి ఒక మూల ఒరిగిపోవచ్చు. తొట్టి ఒరిగినప్పుడు నీరు ఒకవైపు ఎక్కువ లోతుగా నిలిచి అటువైపు గాజుపై ఒత్తిడి పెరుగుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది మెలి. నాలుగు కాళ్ళలో ఒకటి మాత్రమే కుంగితే అడుగు గాజు మెలిపడి పగలవచ్చు. అందుచేత ఇటువంటి ఇళ్ళలో కాళ్ళకు మరతో ఎత్తు సవరించే పాదాలను అమర్చడం ఉపయోగకరం. వానకాలం ముందు, తరువాత మట్టాన్ని సరిచూసుకోవాలి. నీరు నిండి ఉండగా పాదాలను తిప్పరాదు. నీటిని తోడివేసిన తరువాతనే సవరించాలి.

నిర్మాణ సామగ్రి

ఉక్కు: చతురస్రాకారపు ఉక్కు గొట్టాలు స్టాండుకు అనువైనవి. వెల్డింగు చేసిన అతుకులను రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూత వేసి, ఆ తరువాత రెండు పూతలు ఎనామిల్ రంగు వేస్తారు. బాపట్ల, చీరాల వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది కనుక గొట్టాల చివరలను పూర్తిగా మూసివేయాలి.

రాయి, ఇటుక: చీమకుర్తి పరిసరాలలో లభించే నల్ల గ్రానైటు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. నల్లని రాయిలో బంగారు రంగు చుక్కలు ఉండటం వలన దీనిని గెలాక్సీ గ్రానైటు అంటారు. వంటగది గట్టు కట్టినట్లే ఇటుక దిమ్మెలపై గ్రానైటు పలకను పరచి స్టాండు కట్టవచ్చు. దీనికి చెద పట్టదు, తుప్పు పట్టదు. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 18 మి.మీ. మందం గల పలక సుమారు 54 కిలోలు తూగుతుంది. గ్రానైటు నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటుంది గాని వంగుడును తట్టుకోలేదు. కనుక ప్రతి రెండు అడుగులకు కింద దిమ్మె ఉండాలి. ఈ రకం స్టాండును కదిలించడం సాధ్యం కాదు, ఇటుకల బరువు కూడా తోడవుతుంది. కాబట్టి ఇది కింది అంతస్తుకే తగినది.

కలప: టేకు, వేప, నల్లతుమ్మ కలపను ఈ ప్రాంతపు వడ్రంగులు వాడుతారు. కలప బాగా ఆరినది కావాలి. పచ్చి కలపతో చేసిన చట్రం వేసవిలో కుంచించుకుని అతుకులు వదులవుతాయి. ప్రకాశం జిల్లాలో విరివిగా పెంచే సుబాబుల్, జామాయిల్ ప్రధానంగా కాగితపు గుజ్జు కోసం లేతవయసులోనే నరికేవి కనుక బరువు మోసే చట్రానికి వాటిని ఎంచుకోరు.

పలకలు: అల్మారా పక్కలకు, తలుపులకు ఐఎస్ 710 ముద్ర గల మెరైన్ ప్లైవుడ్ మేలు. రంపపుపొట్టు, చెక్క ముక్కలను అదిమి చేసిన పార్టికల్ బోర్డు నీరు తగిలితే ఉబ్బి బలాన్ని కోల్పోతుంది. ప్లైవుడ్‌ను కోసిన అంచులగుండా నీరు సులభంగా లోపలికి దిగుతుంది. కాబట్టి అంచులన్నిటికీ వార్నిష్ లేదా ఎపాక్సీ పూత పూయాలి.

చట్రం రూపకల్పన

దూలం వంగుడు దాని పొడవుపై ఎంతగా ఆధారపడుతుందో తెలుసుకోవడం ముఖ్యం. పైన చెప్పిన తొట్టి బరువును ముందు, వెనుక ఉన్న రెండు 40 మి.మీ. చతురస్రపు, 2 మి.మీ. మందపు గొట్టాలపై ఉంచారని అనుకుందాం. చివరలలో మాత్రమే కాళ్ళు ఉంటే గొట్టం మధ్యలో సుమారు 20 మి.మీ. వంగుతుంది, ఉక్కు తన పరిమితికి చేరువవుతుంది. మధ్యలో ఒక కాలు చేర్చి పొడవును సగం చేస్తే వంగుడు పదహారవ వంతుకు, అనగా సుమారు 1.3 మి.మీ.కు తగ్గుతుంది. గొట్టం మధ్య కాలి మీదుగా అతుకు లేకుండా సాగితే వంగుడు ఇంకా తగ్గుతుంది. ఈ కారణంగా ఆరడుగుల స్టాండుకు కనీసం ఆరు కాళ్ళు అవసరం. ముందువైపు మధ్య కాలు అల్మారాకు అడ్డమని తొలగించడం సాధారణంగా జరిగే పొరపాటు.

నిలువు బరువును మోయడం కంటే పక్కకు ఊగకుండా నిలపడం కష్టం. వెనుకవైపు 12 మి.మీ. ప్లైవుడ్ పలకను చట్రం నాలుగు అంచులకు స్క్రూలతో బిగించినా, ఏటవాలు కడ్డీ వెల్డింగు చేసినా ఊగుడు ఆగుతుంది. గొట్టాలకు పలకలు, తలుపులు బిగించే ముందే ఈ పని పూర్తి కావాలి. స్టాండు ఎత్తు సాధారణంగా 70 నుండి 75 సెం.మీ. ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవారి చూపుకు తొట్టి మధ్య భాగం అందడానికి ఈ ఎత్తు చాలును. ఎత్తు పెరిగేకొద్దీ ఒరిగే ప్రమాదం పెరుగుతుంది.

1967 మార్చిలో ఒంగోలు సమీపంలో 5.4 తీవ్రతతో భూకంపం సంభవించింది. 2002 నాటి ఐఎస్ 1893 పటంలో ఒంగోలు, విజయవాడలు మూడవ భూకంప మండలంలో చేర్చబడ్డాయి. భూమి కదిలినప్పుడు తొట్టిలోని నీరు ఒక చివరినుండి మరొక చివరికి ఊగి స్టాండును నెడుతుంది. వెనుక కాళ్ళను ఇనుప పట్టీలతో గోడకు బిగించడం ఇందుకు సులభమైన జాగ్రత్త.

అల్మారా

అల్మారాలో ఫిల్టరు తొట్టిని ఉంచదలచినచో చట్రాన్ని వెల్డింగు చేయకముందే దాని కొలతలను సరిచూడాలి. కరెంటు పోయినప్పుడు పంపు ఆగి, పై తొట్టిలోని నీరు గొట్టం మూతి వరకు కిందికి దిగుతుంది. పై తొట్టి మట్టం 3 సెం.మీ. తగ్గినా సుమారు 32 లీటర్ల నీరు కిందికి వస్తుంది. ఆ నీరు పట్టే ఖాళీ కింది తొట్టిలో లేకపోతే అది గదిలోకి పొంగుతుంది.

వెనుక పలకకు గాలి రంధ్రాలు ఉండాలి. పల్నాటి రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఒకటి. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగా, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. మూసిన అల్మారాలో పంపు పుట్టించే వేడి నీటికి చేరి ఈ ఇబ్బందిని పెంచుతుంది. ఇన్వర్టరు బ్యాటరీని ఈ అల్మారాలో ఉంచరాదు. ఛార్జింగు సమయంలో దానినుండి మండే స్వభావం గల ఉదజని వెలువడుతుంది.

స్విచ్చులను నీటిమట్టం కంటే పైన, గోడపై అమర్చాలి. తీగలు స్విచ్చుకు చేరేముందు కిందికి వంపు తిరిగి ఉంటే వాటివెంట జారిన నీటి బొట్టు ఆ వంపు వద్దనే నేలకు రాలుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండటం ప్రాణరక్షణకు అవసరం.

చెదలు, పురుగుమందులు

చెదల నివారణకు ఇళ్ళలో వాడే క్లోరిపైరిఫాస్, సైపర్‌మెత్రిన్, బైఫెంత్రిన్ వంటి మందులు చేపలకు తీవ్రమైన విషాలు. స్టాండుకు ఈ మందులు పూయడం, నీరు నిండిన తొట్టి ఉన్న గదిలో చల్లడం వలన చేపలు మరణించవచ్చు. గాలి పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీటిలోకి పంపుతుంది కనుక తుంపరలు కూడా నీటికి చేరుతాయి. అందుచేత కలపను నేలకు తగలకుండా ఉక్కు పాదాలపై లేదా గ్రానైటు ముక్కలపై నిలపడం, మట్టిగూళ్ళు కనిపించగానే తొలగించడం మేలైన పద్ధతులు. పత్తి, మిరప సాగుచేసే ఇళ్ళలో పురుగుమందు డబ్బాలను, స్ప్రేయర్లను అల్మారాలో గాని, ఆ గదిలో గాని దాచరాదు. చేలో మందు కొట్టి వచ్చినవారు చేతులు శుభ్రంగా కడుగుకొనక తొట్టిలో చేయి పెట్టరాదు.

అమరిక, పరీక్ష

స్టాండును స్థలంలో నిలిపి, పొడవున, వెడల్పున, రెండు కర్ణాల వెంబడి రసమట్టంతో సరిచూస్తారు. రసమట్టం పొట్టిదైతే మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం మట్టం మరింత నమ్మదగినది. పైన 19 మి.మీ. ప్లైవుడ్, దానిపై 10 నుండి 12 మి.మీ. థర్మోకోల్ పలక పరుస్తారు. చట్రం లేని తొట్టి అడుగున ఉండే చిన్న ఎగుడుదిగుడులను థర్మోకోల్ సర్దుతుంది. వంకర తిరిగిన స్టాండును మాత్రం అది సరిచేయలేదు. అడుగు గాజు చట్రంలో పైకి లేచి ఉండే తొట్లకు తయారీదారు చెప్పనిదే థర్మోకోల్ వేయరాదు.

తరువాత తొట్టిని పావు వంతు నింపి ఒక రోజు, సగం నింపి మరొక రోజు ఉంచుతారు. ప్రతి దశలోను మట్టం, అతుకులు, తలుపుల బిగువు పరిశీలిస్తారు. తలుపులు అంతకుముందులేని విధంగా రాసుకుంటే చట్రం వంగినట్లు గుర్తు. నీటి అంచు తొట్టి పై అంచుకు అన్నివైపులా ఒకే దూరంలో ఉంటే మట్టం సరిగా ఉన్నట్లే. పూర్తిగా నింపి కనీసం 24 గంటలు గమనించిన తరువాతనే చేపలను వదలాలి. నీరున్న తొట్టిని ఎట్టి పరిస్థితులలోను స్టాండుతో సహా జరపరాదు.

ఇవి కూడా చూడండి

* చీమకుర్తి
* నల్లరేగడి నేల
* ప్లైవుడ్
* రసమట్టం
* చెదపురుగు