కానుక పెట్టెలో నాలుగు థాలర్లు



ఈ వారం జర్మనీ దేశ చరిత్రలో నుండి ఒక కానుక పెట్టె సంగతి మీతో చెప్పాలని ఆశపడుతున్నాను. దాదాపు 330 ఏళ్ల నాటి సంగతి ఇది. అయినా చివరికి అది మన తెలుగు భాష దాకా వస్తుంది.

1692లో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టరు హాలె నగరం గోడల బయట ఉన్న గ్లౌఖా అనే పేటకు వచ్చాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. దగ్గరలో కొత్తగా ఏర్పడుతున్న విశ్వవిద్యాలయంలో గ్రీకు, హెబ్రీ భాషలు బోధించే పని కూడా ఆయనదే. ఆ పేట పరిస్థితి బహు దీనంగా ఉండేది. అంతకు పదేళ్ల ముందు, 1682లో, తెగులు వచ్చి జనంలో ఎక్కువమందిని తీసుకుపోయింది. మిగిలింది సుమారు 200 ఇళ్లు, వాటిలో 37 తాగుడు కొట్లు. తండ్రులు ఆ కొట్లలో, పిల్లలు వీధుల్లో.

గురువారం గురువారం బీదలు రొట్టె కోసం పాస్టరు ఇంటి ముందుకు వచ్చేవారు. ఫ్రాంకె వాళ్లను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, పిల్లలను విశ్వాసం గురించి చిన్న చిన్న ప్రశ్నలు అడిగాడు. వాళ్లకు ఏమీ తెలియదు. అక్షరం కూడా రాదు. బడికి పంపండని తల్లిదండ్రులకు వారం వారం డబ్బులిచ్చి చూశాడు. వాళ్లు డబ్బులు తీసుకున్నారు గాని పిల్లలు మాత్రం బడికి పోలేదు.

1695లో ఆయన తన ఇంట్లో ఒక పెట్టె పెట్టి, దానిపైన 1 యోహాను 3:17, 2 కొరింథీ 9:7 వచనాలు రాయించాడు. ఈస్టరు సమయంలో ఒక స్త్రీ అందులో 4 థాలర్ల 16 గ్రోషెన్లు వేసింది. థాలరుకు 24 గ్రోషెన్లు కాబట్టి మొత్తం 112 గ్రోషెన్లు. రొట్టెలు పంచితే కొద్ది రోజుల్లో అయిపోయే సొమ్ము. ఫ్రాంకె మాత్రం ఇది మంచి మూలధనం అనుకుని, బీదపిల్లల బడి మొదలుపెట్టాలని అదే రోజు నిర్ణయించాడు. 2 థాలర్లతో పుస్తకాలు కొన్నాడు. రోజుకు రెండు గంటలు పాఠం చెప్పడానికి వారానికి 6 గ్రోషెన్ల జీతంతో ఒక బీద విద్యార్థిని పెట్టుకున్నాడు. మిగిలిన సొమ్ము లెక్క వేస్తే పది వారాల జీతానికి సరిపోతుంది. ఆ తర్వాత దేవుడే చూసుకోవాలి.

మొదట్లో ఏం జరిగిందో గమనించండి. 27 మంది పిల్లలకు 27 పుస్తకాలు ఇచ్చారు. పిల్లలు సంతోషంగా పట్టుకుపోయారు. తిరిగి వచ్చింది నలుగురే. మిగతావాళ్లు పుస్తకాలతో సహా కనబడకుండా పోయారు.

మన సంఘంలో ఇలా జరిగితే కమిటీలో ఏమంటారు? "వీళ్లకెంత చేసినా ఇంతే అయ్యగారూ, వదిలెయ్యండి" అంటారు. ఫ్రాంకె వదల్లేదు. ఉన్న డబ్బుతో మళ్లీ పుస్తకాలు కొన్నాడు. అయితే ఈసారి ఒక నియమం పెట్టాడు: పాఠం అయ్యాక పుస్తకం బడిలోనే ఉంచి వెళ్లాలి. పిల్లల మీద కోపగించలేదు, అలాగని కళ్లు మూసుకొని మళ్లీ అలాగే పంచిపెట్టనూ లేదు. ప్రేమ నిలిచింది, పద్ధతి మారింది.

అదే ఏడాది అనాథ పిల్లలను కూడా చేర్చుకోవడం మొదలైంది. 1698లో పెద్ద అనాథాశ్రమానికి పునాదిరాయి వేశారు. ఆ కట్టడం నేటికీ హాలెలో నిలిచి ఉంది. 1727లో ఫ్రాంకె చనిపోయే నాటికి అక్కడి బడుల్లో రెండు వేలకు పైగా పిల్లలు చదువుతున్నారు. ఈ చరిత్ర చెప్పేటప్పుడు ప్రార్థన గురించి చెప్పి అంతటితో ఆపేస్తాము. ప్రార్థన ఉంది, సందేహం లేదు. దానితోపాటు పని కూడా ఉంది. ఆశ్రమానికి సొంత మందుల తయారీ, పుస్తకాల దుకాణం, అచ్చుయంత్రం ఉండేవి. విశ్వవిద్యాలయంలో చదివే బీద విద్యార్థులకు ఉచితంగా భోజనం పెట్టి, దానికి బదులుగా వాళ్లచేత పిల్లలకు పాఠాలు చెప్పించేవారు. ఒకే బల్ల మీది అన్నంతో అటు విద్యార్థి ఆకలి తీరింది, ఇటు పిల్లలకు చదువు దొరికింది.

లోపం కూడా చెప్పాలి. అక్కడ క్రమశిక్షణ మరీ కఠినం. ఆటలంటే కాలం వ్యర్థం అని ఎంచేవారు. పిల్లలు ఎప్పుడూ ఎవరో ఒకరి కనుసన్నల్లోనే ఉండాలి. ఆ విషయంలో మనం ఫ్రాంకెను అనుసరించనక్కరలేదు.

1710లో ఫ్రాంకె స్నేహితుడు కాన్‌స్టైన్ అక్కడే ఒక బైబిలు సంస్థ ప్రారంభించాడు. అచ్చు వేసిన తర్వాత అక్షరాలు విడదీయకుండా, కూర్చిన పుటలను అలాగే దాచి మళ్లీ మళ్లీ అచ్చు వేసేవారు. అందువల్ల ఖర్చు తగ్గి, 2 గ్రోషెన్లకే కొత్త నిబంధన బీదవాడి చేతికి వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. ఆ హాలెతో సంబంధం ఉన్న మిషనరీలు 1706 నుండి తరంగంబాడిలో సేవ చేశారు. వారి తర్వాత 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకొని బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు. అయినా ఆయన 1743లో జర్మనీకి తిరిగి వెళ్లాక, 1746, 1747 సంవత్సరాల్లో హాలె నగరంలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలుగా వాటినే చెబుతారు. మన అక్షరాలు తొలిసారి అచ్చులో కనబడిన ఊరు, ఆ కానుక పెట్టె ఉన్న ఊరే.

పెట్టెలో డబ్బు వేసిన ఆ స్త్రీకి ఇదంతా తెలియదు. ఆమె తన చేతిలో ఉన్నది ఇచ్చింది. ఫ్రాంకె తన వంతు చేశాడు. ఆ విద్యార్థి 6 గ్రోషెన్లకు పాఠం చెప్పాడు.

మన సంఘాల్లో సాయంత్రం పిల్లలకు చదువు చెప్పాలని మొదలుపెట్టి, నలుగురే వస్తున్నారని మానేసినవి ఉన్నాయి. డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న యవనస్థులారా, వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలరా? నలుగురు వచ్చినా మొదలుపెట్టండి. పుస్తకాలు మందిరంలోనే ఉంచుదాం.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా చేతిలోని కొంచెమును చిన్నచూపు చూడకుండా వాడే జ్ఞానము, వచ్చిన నలుగురి కోసం తలుపు తెరచి ఉంచే ఓపిక మాకు దయచేయుము. యేసు నామమున, ఆమేన్.