ఉప్పుడు బియ్యమూ, మన చిన్నచూపూ

ఖరగ్‌పూరు గోల్‌బజారులో బియ్యపు దుకాణము ముందు నిలిచిన తెలుగు ఇల్లాలు మొదట అడుగు మాట, "పచ్చిబియ్యమున్నవా?" అని. వంగదేశీయులు నిత్యము భుజించునది 'సిద్ధ' బియ్యము, అనగా మన ఉప్పుడు బియ్యము. పచ్చిబియ్యమును వారు 'ఆతప'మందురు; పూజకును పాయసమునకును ఉపయోగింతురు. బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారమును నమ్ముకొని శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి వచ్చి యిచట స్థిరపడిన మనవారు వంగభాష నేర్చిరి, చేపల కూరలో ఆవపిండిని మెచ్చిరి. ఉప్పుడు బియ్యమును మాత్రము పలువురు దగ్గరకు రానీయలేదు. వాసన వచ్చుననియు, మోటుగా నుండుననియు, ఒకమారు ఉడుకుటచే సారము పోయినదనియు దానిపై నేరములు మోపిరి. మొదటి రెండును రుచికి సంబంధించినవి గనుక వాదము లేదు. మూడవది శుద్ధ అసత్యము. చరిత్ర దానికి సరిగా ఎదురు సాక్ష్యము చెప్పుచున్నది.

బెరిబెరి అను వ్యాధిని నేటి యువకులు పేరుకైనను ఎరుగరు. కాళ్లు తిమ్మిరెక్కును, పట్టు సడలును, ఒడలు నీరుపట్టును, తుదకు గుండె ఆగును. భారతదేశమున ఈ వ్యాధికి నెలవని పేరుపడినది వంగదేశము కాదు. మన ఉత్తర సర్కారులు. 1835లోనే మాల్కమ్‌సన్ అను వైద్యుడు మద్రాసులో దీనిపై ఒక గ్రంథము ప్రకటించెను. 1918లో మెకారిసన్ దొరగారు కూనూరులో ఆరంభించిన చిన్న పరిశోధనశాలకు పేరే బెరిబెరి విచారణశాఖ. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చెను. మనవారి కాళ్లవాపుకై నీలగిరులపై మొదలైన విచారణ నలుబది యేండ్లకు మన గడప త్రొక్కినదన్నమాట.

విషయమేమన, వడ్లగింజకు బి-1 అను విటమిను ఎక్కువగా పైపొరలోను మొలకలోను ఉండును. పచ్చి వడ్లను మరాడించి తెల్లగా మెరుగు పెట్టినచో అది తవుడుతో కూడ పోవును. వడ్లను నానబెట్టి ఆవిరిపట్టి ఎండబెట్టినపుడు ఆ విటమినులో కొంత గింజ లోపలికి చొచ్చుకొని పోవును, గింజయు గట్టిపడును. పిదప మరాడించినను, కడిగినను అంతగా నష్టము లేదు. ఉడికి సారము పోయినదని మనము ఈసడించిన గింజయే సారమును దాచుకొన్నది! ఉప్పుడు బియ్యము తినుసీమలలో బెరిబెరి అంతగా తలయెత్తకుండుటకు ముఖ్యకారణమిదియే. మరలను మాత్రమే నిందించుటయు సరికాదు. 1835 నాటికి మనకు బియ్యపు మరలెక్కడివి? రోటిలోనైనను పోటుమీద పోటు వేసి మల్లెపూవువలె తెల్లగా చేసికొని, నాలుగు నీళ్లు కడిగి, గంజి వార్చి పారబోసినచో మిగులునది స్వల్పమే. మరలు ఆ తెల్లదనమును బీదవారికిని అందించినవి.

ఇందు మిక్కిలి విషాదకరమైనది పసికందుల సంగతి. తల్లిపాలు తప్ప మరొకటి ఎరుగని శిశువు రెండు మూడు నెలల ప్రాయమున, చూచుటకు పుష్టిగానే యుండి, గొంతు బొంగురుపోయి, ఊపిరాడక గడియలలో మరణించుట కలదు. తల్లి ఆహారమున బి-1 కొరవడినచో పాలలోను కొరవడును. మద్రాసు రాజధానిలోని బెరిబెరి సీమలలో శిశుమరణములనుగూర్చి ఎయిక్రాయిడ్, కృష్ణన్ గారలు 1941లో పరిశోధనను ప్రకటించిరి. బాలింతకు పప్పు వాతమని, ఆకుకూర చలువయని మాన్పించి తెల్లని అన్నమును కారపుపొడిని మాత్రమే పెట్టు పథ్యము మన ఇండ్లలో ఎంత ఆప్యాయతతో జరిగెడిదో తలచుకొన్న మనసు కలుక్కుమనును. పెట్టినవారు బిడ్డ మేలుకోరినవారే.

వంగదేశపు కథ దీనికి తలక్రిందులు. 1877లో కలకత్తాలో కాళ్లవాపు వ్యాధి యొకటి చెలరేగెను. లక్షణములు బెరిబెరిని పోలియుండుటచే వైద్యులు కొందరు చిరకాలము బియ్యమునే అనుమానించిరి. ఆవనూనెలో కలిసిన బ్రహ్మదండి విత్తుల నూనెపై 1926లో సర్కార్ అను వైద్యుని దృష్టి పడెను. 1937లో లాల్, రాయ్ గారల పరిశోధన దానిని బలపరచెను. బ్రహ్మదండి విత్తులు ఆవాలవలెనే యుండును. దోషమున్నచోట బియ్యము తప్పించుకొన్నది, దోషము లేనిచోట దండన పొందినది! ఆ నూనె పీడ అంతటితో తీరలేదు. 1998లో ఢిల్లీలో మరల ప్రాణములు తీసెను.

ఇపుడు పప్పులు, కూరలు, గోధుమలు కలిసిన భోజనముచే బెరిబెరి అరుదైనది. అంతమాత్రమున ఉప్పుడు బియ్యమును సర్వరోగ నివారిణిగా కొనియాడుటయు నాకు సమ్మతము కాదు. మధుమేహము గలవారికి అదియు బియ్యమే, కొలత తప్పదు. పచ్చిబియ్యమే కావలెనన్నవారు తక్కువ మెరుగు గల బియ్యము కొని, ఒకటి రెండు నీళ్లతో కడిగి, అత్తెసరు పెట్టుకొనవచ్చును. గంజి వార్చినచో పారబోయవలసిన పనిలేదు. మన పెద్దలు దానిని తరవాణి కుండలో పోసి పులియబెట్టి త్రాగెడివారు. ఇరుగుపొరుగు వంగ గృహములలో రాత్రి అన్నము నీటిలో నానవేసి ఉదయమున తిను 'పాంతా భాత్' దానికి దగ్గరి చుట్టమే. ఉల్లిపాయయు పచ్చిమిరపకాయయు ఉభయులకును ఒక్కటే.