దంత ఇంప్లాంట్, కట్టుడు పళ్లు
దంత ఇంప్లాంట్ అంటే ఊడిన పంటి వేరుకు బదులుగా దవడ ఎముకలో బిగించే టైటానియం మర. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లకు ఇది ప్రత్యామ్నాయం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఎముకతో కలిసిపోయి ఊడి రాకపోవడాన్ని గమనించాడు. 1965లో మనిషి దవడలో ఇంప్లాంట్లు అమర్చాడు. మర ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది.

అక్రిలిక్ కట్టుడు పళ్లు చవక, శస్త్రచికిత్స అక్కర్లేదు. అయితే అవి చిగురు మీదే ఆనుకుని ఉంటాయి. అడుగున ఎముక ఏటికేడు అరిగి పళ్ల సెట్టు వదులవుతుంది. నాలుక కదలికల వల్ల కింది సెట్టు మరీ తొందరగా జారుతుంది. అందుకే 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు చేసిన ఏకాభిప్రాయ ప్రకటన, పళ్లన్నీ పోయిన కింది దవడకు 2 ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా సూచించింది. అదుపులేని మధుమేహం, పొగతాగే అలవాటు ఇంప్లాంట్ విఫలమయ్యే ముప్పును పెంచుతాయి.