ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అమెరికా నల్లజాతీయుల హక్కుల పోరాటం

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సుమారు ఇరవై ఏళ్లపాటు అమెరికా నల్లజాతీయుల సమానత్వ పోరాటం ప్రచ్ఛన్న యుద్ధం నీడలో సాగింది. సోవియట్ యూనియన్‌తో వైరం ఆ ఉద్యమానికి ఊతమూ ఇచ్చింది, గొంతూ నొక్కింది. స్వేచ్ఛా ప్రపంచానికి పెద్దదిక్కు తామేనని చెప్పుకునే పాలకులకు సొంత గడ్డ మీది వర్ణ వివక్ష తలవంపులు తెచ్చింది. మరోపక్క, హక్కులడిగిన వారిని కమ్యూనిస్టులని ముద్ర వేసి నోరు మూయించడం తేలికైంది.

నేపథ్యం

1946 ఫిబ్రవరిలో, సైన్యం నుంచి విడుదలై ఇంటికి వెళుతున్న ఐజాక్ వుడార్డ్ అనే నల్లజాతి సైనికుడిని సౌత్ కరోలినా పోలీసులు చితకబాదారు. ఆయన ఒంటి మీద ఇంకా సైనిక దుస్తులే ఉన్నాయి. ఆ దెబ్బలకు రెండు కళ్లూ పోయాయి. ఆ ఘటన కదిలించగా అధ్యక్షుడు ట్రూమన్ ఆ ఏడాది డిసెంబరులో పౌర హక్కుల కమిటీ వేశారు. వివక్ష వల్ల విదేశాల్లో దేశం పరువు పోతోందని కమిటీ 1947 నివేదికలో హెచ్చరించింది. సైన్యంలో సమాన అవకాశాలు ఉండాలని 1948 జులై 26న ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చారు.

ప్రభుత్వోద్యోగుల విధేయతపై విచారణలు మొదలుపెట్టిందీ ఆయనే, 1947 మార్చిలో. నల్లవారి రక్తాన్ని విడిగా నిల్వ చేయడాన్ని తప్పుబడుతూ రెడ్‌క్రాస్‌కు ఉత్తరం రాశారా అని అలాంటి విచారణలో ఒక ఉద్యోగినిని అడిగారు. వివక్షను ప్రశ్నించడమే అనుమానానికి తావిచ్చిన రోజులవి.

ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు

ఎన్‌ఏఏసీపీ అనే నల్లజాతీయుల హక్కుల సంస్థ 1947 అక్టోబరులో ఐక్యరాజ్యసమితికి వినతిపత్రం ఇచ్చింది. దాన్ని సిద్ధం చేయించింది సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. సోవియట్ ప్రతినిధులు దాన్ని బలపరచగా అమెరికా ముందుకు సాగనివ్వలేదు. మరుసటి ఏడాదే సంస్థ డుబాయిస్‌ను తొలగించింది. 1950లో కమ్యూనిస్టులను ఏరివేయాలని తీర్మానించింది.

1951 డిసెంబరులో సివిల్ రైట్స్ కాంగ్రెస్ అనే వామపక్ష సంస్థ మరింత ఘాటుగా, జాతి నిర్మూలన జరుగుతోందంటూ ఫిర్యాదు చేసింది. విలియం ప్యాటర్సన్ దాన్ని పారిస్‌లోనూ, గాయకుడు పాల్ రాబ్సన్ న్యూయార్క్‌లోనూ అందజేశారు. రాబ్సన్ పాస్‌పోర్టును అప్పటికే, 1950లోనే ప్రభుత్వం రద్దు చేసింది. ఎనిమిదేళ్ల తర్వాత గానీ అది మళ్లీ చేతికి రాలేదు. 1958లో ఆయన అరవయ్యో పుట్టినరోజును భారతదేశంలో జరిపినప్పుడు నెహ్రూ బాహాటంగా మద్దతు పలికారు.

దౌత్యం, న్యాయస్థానాలు

తెల్ల పిల్లలకూ నల్ల పిల్లలకూ వేర్వేరు బడులు ఉండవచ్చా అన్న బ్రౌన్ కేసులో న్యాయశాఖ 1952లో సుప్రీంకోర్టుకు తన వాదన సమర్పించింది. వివక్ష కమ్యూనిస్టు ప్రచారానికి మేతగా మారుతోందని అందులో రాసింది. 1954 మే 17న వేర్వేరు ప్రభుత్వ బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చింది. గంటలోపే వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో ఆ వార్తను 34 భాషల్లో ప్రపంచానికి చాటింది.

ఆచరణ వేరుగా ఉంది. 1955లో భారత రాయబారి జి.ఎల్. మెహతాను హ్యూస్టన్ విమానాశ్రయ రెస్టారెంటులో నల్లజాతీయుడనుకొని వేరే గదిలోకి వెళ్లమన్నారు. విదేశాంగ మంత్రి డల్లెస్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 1957లో లిటిల్‌రాక్ హైస్కూలులో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను ఆ రాష్ట్ర గవర్నర్ ఫాబస్ అడ్డుకోవడంతో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికులను దించారు. ఈ గొడవ చూసి శత్రువులు సంబరపడుతున్నారని ఆయన ఆ రాత్రి ప్రసంగంలోనే అన్నారు. 1961లో చాద్ రాయబారికి మేరీలాండ్ రహదారి మీది హోటల్లో కాఫీ ఇవ్వలేదు. ఆఫ్రికాలో కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలను తమవైపు తిప్పుకోవాలని చూస్తున్న అధ్యక్షుడు కెనడీ ప్రభుత్వానికి అది పెద్ద ఇరకాటం.

ముద్ర, నిఘా

దక్షిణాది రాష్ట్రాలు కమ్యూనిజం భయాన్ని ఆయుధంగా వాడుకున్నాయి. హక్కుల ఉద్యమ నేత మార్టిన్ లూథర్ కింగ్ కమ్యూనిస్టు శిక్షణ బడిలో ఉన్నారంటూ, హైలాండర్ ఫోక్ స్కూలు అనే ఉద్యమ శిక్షణ కేంద్రంలో 1957లో తీసిన ఫొటోతో రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. కమ్యూనిస్టు అనే అనుమానం ఉన్న సలహాదారు స్టాన్లీ లెవిసన్‌ను వదులుకోవాలని 1963 జూన్‌లో కెనడీ స్వయంగా కింగ్‌కు చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో కింగ్ ఫోన్ల మీద ఎఫ్‌బీఐ నిఘాకు అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ అనుమతించారు.

ఫలితాలు, పరిమితులు

1964 పౌర హక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం ఈ దశకు ముఖ్య విజయాలు. జాతీయతను బట్టి వలసలకు కోటాలు పెట్టే పద్ధతి కూడా 1965లోనే రద్దయింది. అంతకుముందు భారతదేశానికి దక్కింది ఏటా 100 మంది కోటా మాత్రమే. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా చేరడం ఆ మార్పు తర్వాతే మొదలైంది.

ప్రచ్ఛన్న యుద్ధం ప్రభుత్వాన్ని సంస్కరణల వైపు నెట్టినా, ఏ మేరకు సంస్కరించాలో కూడా అదే నిర్ణయించిందని చరిత్రకారిణి మేరీ డుడ్జియాక్ వాదించారు. ఓటు, బడి వంటి చట్టపరమైన హక్కులకు చోటు దొరికింది. ఆర్థిక సమానత్వం అడిగినవారు, విదేశాంగ విధానాన్ని తప్పుబట్టినవారు అనుమానితులయ్యారు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లో కింగ్ వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా ఖండించగానే న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయాల్లో ఆయనను విమర్శించాయి. వారం తిరగకుండానే ఎన్‌ఏఏసీపీ కూడా హక్కుల ఉద్యమాన్ని శాంతి ఉద్యమంతో కలపరాదని తీర్మానించింది.