మూడు వేళ్ళ లెక్క

కూలివాడి వేలికి ఖరీదు కట్టిన చట్టం మా తాత పుట్టకముందే ఉంది. 1923లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం అది. సవరణల తర్వాత దాని పట్టిక ఇట్లా ఉండేది: చూపుడువేలు పోతే 14 శాతం, నడిమివేలికి 12, బొటనవేలికి 30, ఒకే చేతి మూడు వేళ్ళకు 30, నాలుగు వేళ్ళకు 50, చెయ్యే పోతే 60. (ఏకలవ్యుడి పేరు ఏ మస్టర్లోనూ లేదు గనుక ఆయనకు ఆ ముప్పై కూడా రాలేదు.)

నేను సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. ఈ పట్టికను మాత్రం ఏ కాలేజీలోనూ చూడలేదు. భూపాలపల్లిలో బొగ్గుబాయి పనిచేసే మా మేనమామ ఇంట్లో, యూనియన్ వాళ్ళ చిన్న పుస్తకంలో చూశాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మా నాయిన వేళ్ళు పోయి పదమూడేళ్ళు.

మాది జనగామ దిక్కు పల్లె. 2001లో, నేను ఆరో తరగతి. ట్రాక్టర్‌కు బెల్టు తగిలించి మక్కలు పట్టే మిషన్ పటేల్ చెలకలకు వచ్చింది. నాయిన కంకులు లోపలికి నెడుతున్నాడు. అంగీ చెయ్యి దొరికింది. దాంతో చెయ్యి పోయింది. కుడిచేతి మూడు వేళ్ళు మక్కల్లోనే ఉండిపోయినయి. ఆ కుప్పను తర్వాత ఎత్తి అమ్మినారో, పారేసినారో మేం అడగలేదు.

పంచాయితీ కూర్చుంది. "మిషన్ నాది కాదు, కిరాయికి తెచ్చిన" అన్నడు పటేల్. "కూలోన్ని నేను పిలువలే" అన్నడు మిషన్ యజమాని. "నీ కాల్మొక్తా పటేలా, పిల్లలుగల్లోన్ని" అన్నడు నాయిన. ఇద్దరు యజమానులున్న పనికి ఒక్క యజమాని కూడా లేకుండా పోయిండు. రెండు బస్తాల మక్కలు, దవాఖాన ఖర్చుకు 500 రూపాయలు అని పెద్దమనుషులు తెంపిండ్రు.

ఇప్పుడు నా లెక్క వినండి. ట్రాక్టర్‌తోగానీ, కరెంటు యంత్రంతోగానీ నడిచే వ్యవసాయప్పని కూడా ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉండేది. నూర్పిడి యంత్రాల కింద నలుగుతున్న చేతుల కోసం 1983లో కేంద్రం ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వేరుగా చేసింది. నాయిన కూలి రోజుకు 40. నెలకు 25 రోజులైతే వెయ్యి. అందులో 60 శాతం, 600. ముప్పై అయిదేళ్ళ వయసుకు గుణకం 197.06. గుణిస్తే 1,18,236. మూడు వేళ్ళకు అందులో 30 శాతం, అంటే 35,470 రూపాయలు. నెలలోగా ఇయ్యకపోతే 12 శాతం వడ్డీ. దరఖాస్తుకు గడువు రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ మా అవ్వ ఒక్కతే కూలికి పోయింది. నాయిన సగం జీతానికి బర్లు కాసిండు.

నాయిన డప్పు కొట్టేటోడు. చిర్ర పట్టాల్సింది ఆ కుడిచేత్తోనే. దానికి ఏ షెడ్యూలులో శాతం ఉంది? పూర్తిగా లేదనీ అనలేను. 1975లో సుప్రీం కోర్టు ఎడమచెయ్యి మోచేతిపైన తెగిపోయిన వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అతని నష్టం నూటికి నూరు అన్నది. చేతిని పొడుగుతో కాదు, అది చేసే పనితో కొలవాలన్నమాట. ఆ మాట మా వాడకు చేరవేసినవాళ్ళు లేరు. ఎర్రజెండాలు చూశాం, నీలిజెండాలు చూశాం, ఈ పట్టిక ఎవరూ చదివి వినిపించలేదు.

మేనమామ కూడా అదే వాడలో పుట్టినోడు. ఆయన అన్న మాట: "అల్లుడా, బాయిల దెబ్బ తాకితే ముందుగాల రిజిస్టర్ల ఎక్కాలె. ఎక్కనోని ఏలు ఏలే గాదు." 1952 గనుల చట్టం ప్రకారం ప్రమాదాన్ని రాసి పెట్టాల్సి ఉండేది, అధికారులకు తెలపాల్సి ఉండేది. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన నాటినుంచి ఎన్ని చేతులు నలిగితే ఆ రాత వచ్చిందో!

2014లో మానుకోట దగ్గర గ్రానైట్ క్వారీలో మా పెద్దనాయిన కొడుకు బొటనవేలు క్రేన్ గొలుసుకూ బండకూ నడుమ చితికింది. "మా మస్టర్ల లేడు" అన్నడు గుత్తేదారు. మళ్ళీ అదే పాట! ఈసారి మాకు పట్టిక తెలుసు. గుత్తేదారు కూలీకైనా అసలు యజమాని జవాబు చెప్పాలని పన్నెండో సెక్షన్ ఉండేది. పనివాడని రుజువు? ఎంజీఎం దవాఖానలో చేర్చిన రాత్రి వదిన ఏడుస్తూనే "క్వారీల, క్రేన్ గొలుసు పడ్డది" అని చెప్పింది. డ్యూటీ డాక్టర్ అట్లనే రాసిండు. ఆ ఒక్క వాక్యం కేసును నిలబెట్టింది. అన్న నెలకు 12,000 సంపాదించినా అప్పటి పరిమితి 8,000 వరకే లెక్క. (అది 15,000 అయింది 2020లో.) ముప్పై ఏళ్ళ వయసుకు 2,99,491 రూపాయలు, పైన వడ్డీ, 2017లో చేతికొచ్చినయి. చేతికి అంటున్నాను, ఎడమచేతికి.

2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. మక్కల మిషన్ మాత్రం ప్రతి యాసంగికీ వస్తూనే ఉంది. వచ్చిన రోజు మా వాడ పిల్లలు ఒక నోటుబుక్కులో తేదీ, ట్రాక్టర్ నంబర్, మిషన్ యజమాని పేరు, కూలికి పిలిచినవాడి పేరు, కూలి రేటు రాస్తున్నారు. మా నాయిన పక్కన నిలబడి కూలీల పేర్లు ఒక్కొక్కటే చెప్తాడు.